బాపును తివానాకు దాకా తోలుకపోవచ్చునా?

పానగల్లు పోరడు:
ఆగస్టుల బాపును పెరూ, బొలీవియా తీసుకపోతున్న. ఆయనకు 61 ఏండ్లు. నలభై ఏండ్లు ఉలి, సమ్మెట పట్టిన చేతులు. చిన్నప్పుడు పచ్చల సోమేశ్వరాలయానికి పోతే దేవునికి మొక్కకముందే నాకు గోడల అతుకులు చూపెట్టేటోడు. మచ్చుపిచ్చు టికెట్లు అయినయ్. లా పాజ్‌ల ఒక్క రోజు మిగిలింది. "తివానాకు" అనే పాత పట్నం శిథిలాలు పోయి చూసేటంత ఉంటయా? ఫోటోలల్ల అంతా బీడు లెక్క కనవడుతున్నది. ఎత్తు గురించి కూడా గుబులైతున్నది.

మక్తల్ అక్క:
తప్పక తీసుకపో తమ్మీ. నేను పోయినేడు చూసొచ్చిన. లా పాజ్ నుంచి 70 కిలోమీటర్లు. మచ్చుపిచ్చు ఇంకాలు 15వ శతాబ్దంల కట్టింది. ఇది వాళ్లకంటె వందల ఏండ్ల ముందుది.

అందరు సూర్యద్వారం కాడ ఫోటో దిగి మళ్లిపోతరు. ఒక్క రాయిల చెక్కిన ద్వారం, చూడాల్సిందే. కానీ మీ బాపును ఆ శిథిలాలల్లనే ఇంకో పక్కకున్న పూమా పుంకు కట్టడం దాకా నడిపించు. అక్కడ రాయికి రాయి కలిసే కాడ ఢమరుకం తీరు గుంట ఉంటది, సగం ఈ రాయిల, సగం ఆ రాయిల. దాంట్ల రాగి మిశ్రమం పోసి బిగించిన్రు. ఇంకో రాయి మీద సన్నటి గాడి, ఆ గాడి పొడుగునా చిన్న చిన్న బొక్కలు, ఒకదానికొకటి ఒకే ఎడం. ఇనుప పనిముట్టు లేని మనుషుల పని అది. ఆడ నేను గొంతుకూర్చుని చాలాసేపు లేవలేదు.

ఎత్తు సంగతి: తివానాకు 3,850 మీటర్లు, విమానం దిగే ఎల్ ఆల్టో 4,000 పైన. పెరూల కుస్కో పట్నం 3,400. అందుకే పెరూ ముందు పెట్టుకోండి, పానం అలవాటు పడతది. పోయేముందు డాక్టరుకు ఒకసారి చూపెట్టు. కోకా ఆకు చాయ్ ఆడ అందరు తాగుతరు, ఆకులు మాత్రం సంచిల ఏసుకొని తేవొద్దు, మన కాడ నేరం. ఆగస్టు రాత్రులు గడ్డకట్టే చలి, శాలువతోని ఆగదు.

కృష్ణ ఒడ్డు:
బీడు లెక్క ఎందుకున్నదంటే, చెక్కిన రాళ్లను తర్వాతోళ్లు ఊరి చర్చి కట్టడానికి మోసుకపోయిన్రు. మా ముడుమాల్ నిలురాళ్లు ఇంకా నిలవడ్డయంటే ఊరోళ్లు మొక్కుతున్నందుకే అనుకుంట. పోయేముందు బాపుకు అవి కూడా చూపెట్టు, తమ్మీ.

పానగల్లు పోరడు:
అక్కా, నువ్వు రాసింది బాపుకు చదివి వినిపించిన. ఒక్కటే అడిగిండు: "రాగి కాచి గుంటలనే పోసిన్రా, పోత పోసిన ముక్క తెచ్చి దించిన్రా?"

మక్తల్ అక్క:
రెండూ చేసిన్రు. పూమా పుంకుల కాచి గుంటలనే పోసిన్రు. తివానాకులనే అకపానా అనే కట్టిన గుట్ట ఉంటది, దాని కాలువల మాత్రం పోత పోసిన ముక్కను సల్లగైనంక సుత్తెతోని కొట్టి కూర్చిన్రు. ఆ కాలువ కాడికి కూడా తోలుకపో, ఆయనే నీకు చెప్తడు.