అడవినాభి తీగ మొత్తం ఎండిపోయింది, దుంప బతికుంటదా?

మట్టివాసన:
అందరికీ నమస్తే అండి. మా అమ్మమ్మ వాళ్ల ఊరు ములుగు దగ్గర, వానాకాలంలో అక్కడ చేను కంచెల మీద అడవినాభి పూస్తది, అగ్నిశిఖ అని కూడా అంటరు, రేకులు పైకి తిరిగి అచ్చం మంట లేచినట్టే ఉంటయి. చిన్నప్పటి నుంచి ఆ పువ్వంటే ప్రాణం నాకు. జూన్‌లో నర్సరీ నుంచి దుంప తెచ్చి కుండీలో పెట్టిన, బాల్కనీ గ్రిల్ పట్టుకుని పాకింది, ఆగస్టులో ఏడు పూలు పూసింది. దీపావళి దాటినంక ఆకులు పసుపెక్కి ఇప్పుడు తీగంతా గడ్డిలెక్క ఎండింది, రోజూ నీళ్లు పోస్తూనే ఉన్న. చీడ పట్టిందా, పీకేయాల్నా? ఇంట్లో మూడేళ్ల పాప ఉంది, ఈ మొక్క విషం అంటున్నరు మా అత్తమ్మ, అది కూడా చెప్పండి ప్లీజ్.

మేడమీద తోట:
పీకొద్దమ్మా, చచ్చిపోలేదు, డార్మెన్సీలోకి వెళ్లింది. ఏటా చలికాలానికి ఇంతే, పైనంతా ఎండి దుంప మట్టిలో పడుకుంటుంది, వానలకి మళ్లీ లేస్తుంది. ముందు నీళ్లు ఆపండి, ఇప్పుడు తడి ఉంటే దుంప కుళ్లిపోతుంది. తీగ దానంతటదే ఊడొచ్చాక గ్లౌజులేసుకుని చేత్తోనే మెల్లగా మట్టి తీసి చూడండి, తాపీలాంటి పనిముట్టు పెట్టకండి. రెండు కొమ్ములుగా ఉంటుంది, నాగలిలా ఉంటుందనే సంస్కృతంలో లాంగలి అన్నారు. మొలక వచ్చేది కొమ్ము కొన నుంచే, కొన విరిగిందంటే ఆ కొమ్ము ఇక మొలవదు. పాత దుంప పీల్చుకుపోయి పొట్టులా కనిపిస్తుంది, కంగారు పడకండి, దాని దగ్గరే కొత్తది గట్టిగా ఉంటుంది. పొడి ఇసుకలో దాచి మే నెలలో ఎర్రమట్టి, ఇసుక, ఆకుల ఎరువు కలిపి రెండు మూడంగుళాల లోతులో అడ్డంగా పడుకోబెట్టండి.

కొండపల్లి నుంచి:
ఒకటి చేరుస్తా. ఇది అడవి అంచుల్లో పొదల మధ్య పెరిగేది కాబట్టి వేళ్లకి నీడ, తలకి ఎండ కావాలి, కుండీ ముందు ఇంకేదైనా చిన్న మొక్క పెట్టండి చాలు. ఆకు కొనే నులితీగలా చుట్టుకుని పాకుతుంది కదా, లావు పైపు అయితే దానికి పట్టు దొరకదు, సుతిలి తాడో సన్నటి పుల్లలో కట్టండి.

పల్లె డాక్టరమ్మ:
మీ అత్తమ్మగారు చెప్పింది అక్షరాలా నిజం. మొక్కంతటా కాల్చిసిన్ అనే విషం ఉంటుంది, దుంపలో గింజల్లో మరీ ఎక్కువ. గౌట్‌కి, అంటే కీళ్లు వాచి నొప్పెట్టే జబ్బుకి, డాక్టర్లు కొలిచి ఇచ్చే మందు అదే, కానీ దుంప ముక్క తిన్నా ప్రాణం పోవచ్చు, చిలగడదుంప అనుకుని తిన్నవాళ్లున్నారు. వాంతులు, విరేచనాలు కొన్ని గంటల తర్వాత గానీ మొదలవ్వవు, కాబట్టి పిల్ల నోట్లో పెట్టిందని అనుమానం వస్తే చాలు, ఏమీ కాలేదుగా అని ఆగకుండా మొక్క ముక్క తీసుకుని ఆసుపత్రికి పరిగెత్తండి. కాయ పగిలితే లోపల ఎర్రటి గింజలు పిల్లల్ని లాగుతాయి, పచ్చిగా ఉన్నప్పుడే కోసేయండి. పాప పెద్దయ్యేదాకా కుండీని చెల్లెలి ఇంట్లోనో అక్క ఇంట్లోనో పెట్టడం నాకైతే మంచిదనిపిస్తుంది.

మేడమీద తోట:
ఇంకో మాట, అడవిలోంచి మాత్రం ఎవరూ తవ్వుకురాకండి, తవ్వి తవ్వి చాలాచోట్ల కనపడకుండా పోతోంది. తమిళనాడులో ఇది రాష్ట్ర పుష్పం, గింజల కోసం రైతులు పొలాల్లోనే వేస్తారు, అలా పెంచిన దుంపలే కొనండి. గింజ నుంచి పెంచితే పూతకి రెండు మూడేళ్లు ఆగాలి.

మట్టివాసన:
ఇప్పుడే చూసిన అండి!! పైన పొట్టు, కింద తెల్లగా రెండు కొమ్ములు, కొనలు బాగానే ఉన్నయి. డబ్బాలో ఇసుకపోసి అటక మీద పెట్టిన, పైన విషం అని పెద్దగా రాసిన. మే నెలలో కుండీ మా అక్క వాళ్ల మేడ మీదికే పోతది.