టెర్రస్ కుర్చీలకు పట్టిన తెల్లపొర పోవట్లేదు, తెలిసినవాళ్లు చెప్పండి

నిజాంపేట వాసి:
పొద్దున్నుంచి తోమీ తోమీ చేతులు పడిపోయాయి. టెర్రస్ మీద నాలుగు కుర్చీలు, ఒక టీపాయ్. వానాకాలమంతా కవర్ కప్పే ఉంచాం. దసరాకి చుట్టాలొస్తున్నారని కవర్ తీస్తే ఒళ్లంతా తెల్లగా ఉంది. సర్ఫ్ నీళ్లతో కడిగితే తడి ఉన్నంతసేపూ నల్లగా నిగనిగలాడతాయి, ఎండాక మళ్లీ మామూలే. గిన్నెల సబ్బు, డెటాల్ అన్నీ అయ్యాయి. ఇక హార్పిక్ పోసేద్దామనుకుంటున్నా. ఇంట్లో పెట్టే చోటు కూడా లేదు. ఏం చేయాలి?

మొండిఘటం:
మెటీరియల్?

మిద్దెతోట అక్క:
హార్పిక్ జోలికి పోకండి. అందులో హైడ్రోక్లోరిక్ ఆసిడ్ ఉంటుంది, ఇనుమును తినేస్తుంది. బ్లీచింగ్‌తో కలిసిందా, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. అది సరే, కవర్ మీద గుంటల్లో నీళ్లు నిలిచాయా లేదా? డెంగీ దోమ మురుగులో కాదు, ఇలాంటి శుభ్రమైన నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. వారం పది రోజుల్లో దోమలై ఎగిరిపోతాయి. 2020లో ఆదివారం 10 గంటలకు 10 నిమిషాలు ఇంట్లో నిలవనీళ్లు పారబోయండని ఎంత ప్రచారం చేశారు! మా అపార్ట్‌మెంట్‌లో ఒక్కరంటే ఒక్కరు డాబా ఎక్కి చూడరు. కూలర్లు, పూలకుండీల కింది పళ్లేలు, పాత టైర్లు...

నిజాంపేట వాసి:
అక్కా, నేనడిగింది కుర్చీల గురించి.

మొండిఘటం:
మెటీరియల్ ఇంకా చెప్పలేదు.

నిజాంపేట వాసి:
కేన్ అండీ. ఫొటో పెడదామంటే అప్‌లోడ్ అవ్వట్లేదు.

కూకట్‌పల్లి కుర్రాడు:
బూజు బ్రో. కవర్ కింద గాలాడక పట్టింది. ఎండలో పడేయ్, అదే పోతుంది.

పాత ఇంజినీరు:
బూజు కాదు. బూజైతే ముక్క వాసన వస్తుంది, కడిగితే ఆ పూటకైనా వదులుతుంది. తడిపితే మాయమై ఆరితే తేలేది వేరు. ముందు కుర్చీ తిరగేసి అల్లిక కొస చూడండి. అసలు కేన్, అంటే పేమైతే కోసిన చోట పీచు కనబడుతుంది, మధ్యలో కణుపులుంటాయి. ప్లాస్టిక్ అయితే కొస దాకా ఒకే నునుపు. మీరు నల్లగా అంటున్నారు కాబట్టి ప్లాస్టిక్కే అయ్యుంటుంది. పొడి కుర్చీ మీద వేలితో గట్టిగా రుద్దండి. వేలికి మెత్తటి పొడి అంటితే ఎండకు ప్లాస్టిక్ పైపొర చెడిపోయినట్టు. అంటకపోతే రెండు చుక్కల వెనిగర్ వేయండి. బుసబుసమని నురగ వస్తే నీళ్ల ఉప్పు. ఏ నీళ్లతో కడుగుతున్నారు?

నిజాంపేట వాసి:
బోరు నీళ్లే. కుళాయిలో వచ్చే మంజీరా నీళ్లు తాగడానికే చాలవు, కుర్చీలకెక్కడివి?

పాత ఇంజినీరు:
అదీ సంగతి! వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి పూయండి. పది నిమిషాలాగి పాత టూత్‌బ్రష్‌తో అల్లిక సందుల్లో రుద్దండి. చివర్లో ఒక్క బకెట్ మంచినీళ్లు పోసి వెంటనే పొడిగుడ్డతో తుడిచేయాలి. బోరు నీళ్లతో కడిగి ఎండకు వదిలేస్తే ఉప్పు మళ్లీ పేరుతుంది.

కూకట్‌పల్లి కుర్రాడు:
అంకుల్, మా ఇంట్లో బూజే పట్టింది. నేను చూశాను.

పాత ఇంజినీరు:
మీ ఇంట్లో కుషన్లకు పట్టి ఉంటుంది నాయనా. ఇక్కడ మాట కుర్చీల గురించి. ఇక కవర్ సంగతి. నేల దాకా బిగించి కట్టకండి, కింద జానెడు వదలండి. టీపాయ్ మీద బకెట్ బోర్లించి పైన కప్పితే నీళ్లు జారిపోతాయి, అక్కగారి దోమల బాధా ఉండదు. కుషన్లు జూన్ మొదట్లోనే ఇంట్లోకి తెచ్చేయండి, మంచం కిందైనా సరే. కాళ్ల చివర ప్లాస్టిక్ బుష్‌లు చూడండి. అవి అరిగితే నీళ్లు కాళ్లలోని ఇనుప గొట్టంలోకి ఎక్కి లోపల్నుంచి తుప్పు పడుతుంది. టైల్స్ మీద గోధుమరంగు మరక కనబడిందంటే లోపల పని మొదలైనట్టే. నిజానికి వానకంటే ఏప్రిల్, మే ఎండే వీటికి శత్రువు. అప్పుడు ఎవరూ కవర్ వేయరు!

అల్వాల్ అమ్మాయి:
మాది టేకు ఊయల, బూడిదరంగు తిరిగింది. పాడైనట్టేనా?

పాత ఇంజినీరు:
కాలేదమ్మా. టేకు ఎండకూ వానకూ అలాగే అవుతుంది, బలం తగ్గదు. పాత రంగు కావాలంటే వానలు పూర్తిగా తగ్గి చెక్క ఆరాక గరుకు కాగితం పట్టించి నూనె రాయండి. అవిసె నూనె వాడితే తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి. పరిచి ఆరేయండి.

మొండిఘటం:
వెనిగర్ పోశారా లేదా?

నిజాంపేట వాసి:
పోశాను. సీట్ల మీద నురగొచ్చి బాగానే వదిలింది. చేతులు పెట్టుకునే చోట మాత్రం నురగా లేదు, గీకితే వేలికి పొడి అంటుతోంది.

పాత ఇంజినీరు:
అది ఎండదెబ్బ, ఇక తిరిగి రాదు. కారు డ్యాష్‌బోర్డ్ పాలిష్ రాస్తే కొన్నాళ్లు నల్లగా కనబడుతుంది గానీ చుట్టాల బట్టలకు జిడ్డంటుతుంది. ఎంతకాలమైంది కొని?

నిజాంపేట వాసి:
మా బావ ఇల్లు మారుతూ ఇచ్చాడు, ఎప్పటివో ఏమో. పండక్కి టవళ్లు వేసేస్తాంలెండి. థాంక్స్ అందరికీ.

కూకట్‌పల్లి కుర్రాడు:
కవర్ ఏ సైజు తీసుకున్నారు బ్రో? మాకూ కావాలి.