ఉద్దానం నుంచి పబ్లిక్ హెల్త్ పీహెచ్‌డీకి దరఖాస్తు పెడుతున్నాను, నా టాపిక్ నిలబడుతుందా?

కవిటి నర్సు:

అందరికీ నమస్కారం. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నేను కవిటి మండలంలో ఒక విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) పనిచేస్తున్నాను. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక విశాఖలో ఉండి ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో పీజీ) చేశాను. వయసు 33. నాలుగేళ్ల పాప ఉంది. మాది శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానమే. మా పెద్ద మావయ్య మూడేళ్లు డయాలసిస్ మీద ఉండి పోయారు. వారానికి రెండుసార్లు చీకటితోనే ఆటో మాట్లాడుకుని సోంపేట తీసుకెళ్లేవాళ్లం. ఆయనకి షుగర్ లేదు, బీపీ లేదు. బతుకంతా కొబ్బరితోటలోనే పని. "నాకెందుకొచ్చిందమ్మా ఇది?" అని అడిగేవారు. నర్సింగ్ చదివి కూడా నా దగ్గర జవాబు లేదు. పీహెచ్‌డీ చేయాలన్న ఆలోచన అక్కడే మొదలైంది.

పోయినేడు ఒకచోట ఇంటర్వ్యూ దాకా వెళ్లాను. "ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణాలు" అని ప్రపోజల్ రాశాను. నీళ్లు, సిలికా, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఎండలో పని, వంశపారంపర్యం అన్నీ అందులో పెట్టాను. "లోహాల పరీక్షలు ఏ ల్యాబ్‌లో చేయిస్తారు? ఖర్చెవరు పెడతారు? పెద్ద పెద్ద సంస్థలు ఇన్నేళ్లుగా తేల్చలేనిది మీరొక్కరే ఎలా తేలుస్తారు?" అని అడిగారు. నోట మాట రాలేదు. సీటూ రాలేదు. బస్సులో ఇంటికొస్తూ మావయ్యకి మళ్లీ జవాబు చెప్పలేకపోయాను అనిపించింది.

ఈసారి గట్టిగా ప్రయత్నించాలని ఉంది. అదే టాపిక్ ఇంకా బాగా రాయాలా, మార్చాలా? యూజీసీ వాళ్ల అర్హత పరీక్ష నెట్ రాయకుండా కుదురుతుందా? ఉద్యోగం వదిలేయాలా? ఇవన్నీ తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

తిరువనంతపురం అక్క:

చెల్లీ, నేనూ నర్సింగ్ నుంచే వచ్చాను. తిరువనంతపురంలో శ్రీచిత్ర ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన అచ్యుత మేనోన్ సెంటర్‌లో పీహెచ్‌డీ చేశాను. వాళ్లు అడిగిన తీరు నొప్పించి ఉండొచ్చు కానీ అడిగిన ప్రశ్న మాత్రం సరైనదే. ఉద్దానంలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థ వాళ్లు చేసిన సర్వేలో పెద్దవాళ్లలో సుమారు ఐదుగురికి ఒకరికి కిడ్నీ జబ్బు ఉన్నట్టు తేలింది. వాళ్లలో ఎక్కువమందికి మీ మావయ్యగారిలాగే షుగర్ లాంటి మామూలు కారణాలు కనబడలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోని వరి రైతులదీ, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలోని చెరుకు కూలీలదీ ఇదే కథ. అన్నిచోట్లా ఎండలో ఒళ్లు వంచి పనిచేసేవాళ్లే, అన్నిచోట్లా కారణం మీద వాదనలే. అంత పెద్ద చిక్కుముడిని ఒక్క థీసిస్‌తో విప్పుతానంటే ఏ గైడైనా భయపడతారు.

నీకు ఒకే ప్రశ్న వేస్తాను. క్లినిక్‌లో రోజూ నువ్వు చూసేదీ, మాలాంటివాళ్లం పేపర్లు ఎన్ని చదివినా మాకు కనిపించనిదీ ఏంటి? తొందరలేదు, ఆలోచించి రాయి.

కవిటి నర్సు:

అక్కా, రాత్రంతా ఇదే ఆలోచించాను.

నేను చూసేది రెండోసారి రానివాళ్లని. క్యాంపు పెడితే జనం బాగానే వస్తారు. రక్తం ఇస్తారు, క్రియాటినిన్ (కిడ్నీలు సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగేది) ఎక్కువ వస్తుంది. మూడు నెలలకి మళ్లీ రమ్మని చీటీ మీద రాసిస్తాం. సగం మంది కూడా రారు. (డిపార్ట్‌మెంట్ రిజిస్టర్ కాబట్టి లెక్కలు ఇక్కడ రాయను.) ఆశా కార్యకర్తతో కలిసి ఇంటికెళితే జీడి పిక్కల పనిలో ఉంటారు, లేదా ఇంటికి తాళం ఉంటుంది. తిత్లీ తుపానుకి కొబ్బరి చెట్లు పడిపోయాక మగవాళ్లు చాలామంది వలస వెళ్లారు. సముద్రం పక్క ఊళ్లలోనైతే బోట్ల మీద పనికి గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళతారు. ఇంట్లో ఉన్నవాళ్లూ కొందరు రారు. ఒక ముసలాయన నాతో అన్న మాట మరిచిపోలేను. "రెండోసారి కూడా ఉందంటే నా మనవరాలికి సంబంధం రాదమ్మా" అన్నాడు. ఇంకొకామె "రక్తం తీసికెళ్లారు, కాయితం ఇచ్చారు. మందేటిచ్చారు?" అని నిలదీసింది. ఆమెకి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

కానీ ఇది పరిశోధన ఎలా అవుతుంది? ఇది మా రోజువారీ పనే కదా.

తిరువనంతపురం అక్క:

ఇదే నీ పీహెచ్‌డీ.

ఎందుకో చెబుతాను. జీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) 60 కంటే తగ్గినా, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతున్నా, అది మూడు నెలలకు మించి ఉంటేనే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటాం. ఒక్కసారి చేసిన పరీక్షతో జబ్బుందని ఖాయం చేయలేం. మే నెల ఎండలో పని దిగి నేరుగా వచ్చి రక్తమిచ్చినవాడికి ఆ రోజు ఒంట్లో నీరు తగ్గి క్రియాటినిన్ పెరిగి ఉండొచ్చు. అంటే రెండో పరీక్ష జరగని ప్రతి మనిషీ రెండు లెక్కల్లోనూ తప్పిపోతున్నాడు. జబ్బు లేనివాడు ఉందనుకుని కుంగిపోతున్నాడు. ఉన్నవాడు డయాలసిస్ మంచం ఎక్కేదాకా తెలియకుండా ఉండిపోతున్నాడు. ఆ మధ్యకాలంలోనే కదా నొప్పి మాత్రలు మాన్పించి, బీపీ అదుపులో పెట్టి కొన్నేళ్లయినా కాపాడుకోగలిగేది. పలాసలో ఇప్పుడు 200 పడకల ఆసుపత్రి, రీసెర్చ్ సెంటర్ ఉన్నాయి. క్యాంపులో దొరికిన మనిషి అక్కడిదాకా ఎందుకు చేరడం లేదన్నది చాలా పెద్ద ప్రశ్న. దానికి ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు.

మొదటి భాగంలో ఎవరు వస్తున్నారు, ఎవరు రావడం లేదు, ఎన్ని రోజులకి వస్తున్నారు అన్నది లెక్కలతో చూడు. రెండో భాగంలో రానివాళ్లతో కూర్చుని మాట్లాడు. ఆ మనవరాలి సంబంధం మాట ఏ ప్రశ్నాపత్రంలోనూ బయటికి రాదు. మూడో భాగంలో సాయంత్రం పూట పరీక్ష, వలస వెళ్లేవాళ్లకి ముందే పరీక్ష లాంటి చిన్న మార్పు ఒకటి చేసి చూడు.

ఒక్క విషయంలో గట్టిగా జాగ్రత్తపడు. నువ్వు వాళ్ల సిస్టర్‌వి. నువ్వడిగితే వాళ్లు కాదనలేరు. అందుకని అంగీకార పత్రం నువ్వు తీసుకోకూడదు, వేరే మనిషి తీసుకోవాలి. ఈ సంగతి నీ అంతట నువ్వే ప్రపోజల్‌లో రాయి. ఇంటర్వ్యూలో ఇది తప్పకుండా నిన్ను నిలబెడుతుంది.

పలాస ల్యాబ్:

సిస్టర్ గారూ, మాదీ ఇక్కడే, ల్యాబ్ టెక్నీషియన్‌ని. రెండు మాటలు. రిజిస్టర్ మీరే రాసినా అది డిపార్ట్‌మెంట్‌ది. డీఎంహెచ్ఓ (జిల్లా వైద్యాధికారి) గారి అనుమతి, ఎథిక్స్ కమిటీ ఆమోదం రెండూ చేతికి రాకముందు ఒక్క పేజీ కూడా ఫోన్‌లో ఫోటో తీయొద్దు.

రెండోది, క్రియాటినిన్‌ని ఒకచోట జాఫీ పద్ధతిలో చేస్తారు, ఇంకోచోట ఎంజైమ్ పద్ధతిలో. మొదటి శాంపిల్ ఒక మిషన్ మీద, రెండోది ఇంకో మిషన్ మీద నడిస్తే వచ్చే తేడా మనిషిదో మిషన్‌దో తేల్చలేం. రెండూ ఒకే ల్యాబ్‌లో చేయిస్తానని రాయండి. మా నాన్నకీ డయాలసిస్ జరుగుతోంది. ఈ పని మీరు చేయాలండీ.

జేఎన్‌యూ నుంచి:

నెట్ సంగతి నేను చెబుతాను. యూజీసీ నెట్‌లో 'సోషల్ మెడిసిన్ అండ్ కమ్యూనిటీ హెల్త్' అని సబ్జెక్టు ఉంది, కోడ్ 81. రెండు పేపర్లు కలిపి మూడు గంటల్లో 150 ప్రశ్నలు. నెగెటివ్ మార్కులు లేవు. నెట్‌తో వచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్‌కి వయసు 30 దాటకూడదు కానీ ఆడవాళ్లకి ఐదేళ్ల సడలింపు ఉంది. అక్కా, మీకు 33 కాబట్టి ఇంకా టైముంది, కానీ ఎక్కువ లేదు. ఈ ఏడాదే రాయండి. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000. జేఆర్‌ఎఫ్ రాకపోయినా 2024 నుంచి నెట్ స్కోరుతో పీహెచ్‌డీ సీటుకి పోటీ పడొచ్చు. అప్పుడు స్కోరుకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ. ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది. సొంతంగా ప్రవేశపరీక్ష పెట్టే సంస్థలూ ఉన్నాయి కాబట్టి నోటిఫికేషన్లు విడివిడిగా చూసుకోండి.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పార్ట్‌టైమ్ కూడా చేయొచ్చు, పనిచేసేచోటు నుంచి అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌ఓసీ) కావాలి. కానీ పార్ట్‌టైమ్‌కి జేఆర్‌ఎఫ్ డబ్బు రాదు. మామూలుగా ఆరేళ్లలో పూర్తి చేయాలి, మహిళలకి ఇంకో రెండేళ్లు ఇస్తారు.

అట్లాంటా తెలుగు:

అమెరికా వైపు చూసేవాళ్ల కోసం కొంచెం. ఇక్కడ చాలా స్కూళ్లకి సోఫాస్ అనే ఒకే పోర్టల్‌లో దరఖాస్తు పెడతాం. గడువులు ఎక్కువగా డిసెంబర్ మొదట్లోనే ఉంటాయి. మన మార్కుల లిస్టుల్ని వెస్ సంస్థతో మదింపు చేయించాలి, దానికి యూనివర్సిటీ నుంచి సీల్డ్ కవరు తెప్పించుకోవడానికే నెలలు పడుతుంది. మూడు సిఫారసు ఉత్తరాలు కావాలి. జీఆర్ఈ చాలాచోట్ల అడగడం లేదు. అయితే సిస్టర్‌గారూ, మీ ప్రశ్న మీ ఊళ్లో ఉంది. మీరు అక్కడే ఉండి చేస్తే మంచిదని నా అభిప్రాయం.

కవిటి నర్సు:

అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న డ్యూటీ అయ్యాక కూర్చుని మొదటి పేజీ రాశాను. టాపిక్ మార్చేశాను: "కిడ్నీ పరీక్షలో తేడా వచ్చినవాళ్లు రెండో పరీక్షకి రావడం, రాకపోవడం: కవిటి మండలంలో ఒక అధ్యయనం". అంగీకార పత్రం సంగతి, ఒకే ల్యాబ్ సంగతి రెండూ రాశాను. మా ఆయనతో మాట్లాడాను. నెట్ అయ్యేదాకా ఉద్యోగం వదలను, జేఆర్‌ఎఫ్ వస్తే మాత్రం వదిలేస్తాను. పాపని అమ్మ చూసుకుంటానంది.

ఒకటి మాత్రం అడగాలి అక్కా. గైడ్‌కి మెయిల్ రాసేటప్పుడు మావయ్య గురించి రాయొచ్చా? ఏడుపుగా ఉంటుందేమోనని భయం.

తిరువనంతపురం అక్క:

రెండు వాక్యాలు రాయి. ఆయన అడిగిన ప్రశ్న, అప్పుడు నీ దగ్గర జవాబు లేదన్న మాట. ఆ వెంటనే నీ ప్రశ్న రాయి. ఆ గైడ్ రాసిన పేపరు ఒకటైనా పూర్తిగా చదివి, అందులో నీకు పనికొచ్చిందేమిటో ఒక పేరాలో చెప్పు. పంపేముందు నాకు మెసేజ్ పెట్టు, ఆదివారం కూర్చుని చూస్తాను.