గంజాయికి పదేళ్ళ జైలు: ఎవరికి భయం?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
మా వీధి కుర్రాడొకడు పోయిన నెల 22 కిలోల గంజాయితో దొరికిపోయాడు. మోహన వైపు కొండల నుంచి వచ్చిన సరుకు. బస్సులో పాతపట్నం దాటిస్తే ఐదు వేలు ఇస్తామన్నారట. మత్తు పదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి 20 కిలోలు దాటితే తక్కువలో తక్కువ పదేళ్ళు, లక్ష జరిమానా. ఆ లోపైతే పదేళ్ళ వరకు వేయొచ్చు గానీ, కనీసం ఇంత అని లేదు. వాడికి ఈ లెక్కే తెలీదు. సంచీలో పట్టినంత కుక్కి ఇచ్చారు, మోశాడు. తెలియని శిక్షకు ఎవడైనా భయపడతాడా?

మాజీ ఖాకీ (బరంపురం):
బాబూ, నువ్వు దొరికినవాణ్ణే లెక్కపెడుతున్నావు. భయపడి మానేసినవాడు ఏ రికార్డుకీ ఎక్కడు. ఆ శిక్ష తీసేసి చూడు, కొండంతా గంజాయే.

తూనికరాయి (రాయగడ):
బాబాయ్, అణుబాంబు గురించి చెప్పేదీ ఇదే. యుద్ధం రాకపోతే బాంబు వల్లే రాలేదంటారు. 1998 మేలో మనం పోఖ్రాన్‌లో పేల్చాం, అదే నెలలో పాకిస్తాన్ చాగైలో పేల్చింది. మరుసటి ఏడాదే కార్గిల్. మరి చొరబాటు ఆగిందా?

మాజీ ఖాకీ:
ఆగలేదు. కానీ మన విమానాలను నియంత్రణ రేఖ దాటొద్దని ఎందుకన్నారు? వెనకాల బాంబు భయం ఉందనే కదా. ఆ పోరు ఆ కొండల దగ్గరే ఆగిపోయింది.

తూనికరాయి:
అంటే పెద్ద బెదిరింపు పెద్ద పనిని ఆపుతుందేమో గానీ చిన్నవాటిని ఆపదు. పైగా అక్కడ బెదిరింపు వినేవాడూ, తెగించేవాడూ, దెబ్బ తినేవాడూ ఒకే ప్రభుత్వం. ఇక్కడ సొమ్ము పెట్టేది సేఠు, జైలుకెళ్ళేది కూలివాడు. సేఠుకి పోయేది ఒక సంచీ. రేపు ఇంకో కుర్రాణ్ణి వెతుక్కుంటాడు. 1764లోనే బెకారియా అనే ఇటలీ ఆయన రాశాడు: శిక్ష ఎంత కఠినమైనదన్నది కాదు, తప్పించుకోలేమన్న నమ్మకమే నేరాన్ని ఆపుతుందని.

గుణుపురం గుమ్మడి:
మా బావ సిగరెట్ పెట్టె మీద క్యాన్సర్ బొమ్మ చూస్తూనే ముట్టిస్తాడు. అక్క గుమ్మంలో కనబడితే మాత్రం చటుక్కున ఆర్పేస్తాడు. బెకారియా చెప్పింది ఇదేనా?

తూనికరాయి:
ఇదే. నేను ఇంత రాయకుండా ఉండాల్సింది.

మహేంద్రతనయ:
బాబాయ్, మానేసినవాళ్ళ సంగతి మీరన్నారని మా వీధిలో అడిగాను. అదే బేరం వస్తే వద్దన్నవాళ్ళు ఇద్దరున్నారు. ఒకడి చేత వాళ్ళమ్మ ఒట్టు వేయించుకుంది. రెండోవాడు, ఆ వారం చెక్‌పోస్టు దగ్గర ప్రతి బస్సూ ఆపుతున్నారని విని మానుకున్నాడు. పదేళ్ళ మాట ఇద్దరికీ నేను చెప్పేదాకా తెలీదు.

మాజీ ఖాకీ:
ప్రతి బస్సూ ఆపాలంటే మనుషులు కావాలి బాబూ. ఎన్నికలప్పుడు ఇస్తారు, అవ్వగానే తీసేస్తారు. నైట్ డ్యూటీలో నలుగురం ఉంటే ఒకడికి జ్వరం. మనుషుల్ని పెంచమంటే నేనూ మీతో సంతకం పెడతాను. పదేళ్ళు తగ్గించమంటే మాత్రం పెట్టను.