ఆయిల్ ఫిల్టర్ పట్టేసింది, కదలట్లేదు (స్విఫ్ట్ పెట్రోల్)

తెనాలి_కిరణ్:
అన్నలూ, అర్జెంటు. 2014 స్విఫ్ట్ పెట్రోల్. ఇంటి దగ్గరే ఆయిల్ మారుద్దామని కూర్చున్నా. పాత ఆయిల్ దించేశా, డ్రెయిన్ బోల్టు మళ్ళీ బిగించేశా. ఫిల్టర్ మాత్రం పిసరంత కూడా కదలట్లేదు. పోయినసారి ఊళ్ళో ఒక గ్యారేజీలో వేయించాం, ఏ పానాతో బిగించాడో ఏమో. నా దగ్గర కప్పులాంటి ఫిల్టర్ పానా ఉంది. అది జారిపోతోంది, ఫిల్టర్ అంచులు నున్నబడుతున్నాయి. రేపు పొద్దున్నే నాన్నని గుంటూరు హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి. ఎలా ఊడదీయాలి? ఇంకో రెండు సంగతులు: డ్రెయిన్ బోల్టు వాషర్ పాతదే వాడొచ్చా? పాత ఆయిల్ ఎవరికివ్వాలి?

బెజవాడ_బుల్లెట్:
పెద్ద స్క్రూడ్రైవర్ తీసుకో. సుత్తితో ఫిల్టర్‌లోకి ఈ పక్క నుంచి ఆ పక్కకి దిగ్గొట్టు. దాన్నే పిడిలా పట్టుకుని తిప్పు, అయిపోద్ది. మా వీధిలో ఎవరికి పట్టేసినా నన్నే పిలుస్తారు.

ఖమ్మం_షెడ్డు:
కిరణ్, గా పని జెయ్యకు తమ్మీ. నేను చిన్నప్పటి సంది షెడ్డులోనే పెరిగిన, ఇప్పుడు షెడ్డు నాదే. ఫిల్టర్ డబ్బా రేకు పల్చగుంటది. అడుగున ఇంజన్‌కు పట్టుకునే పళ్ళెం మందంగుంటది. పట్టుకున్నది ఆ పళ్ళెం కాడ రబ్బరు రింగు. నువ్వు రేకును గుచ్చి తిప్పితే రేకు చిరుగుతది, పళ్ళెం ఆడ్నే ఉంటది. ఇంకో మాట. ఇప్పటిదాంక నీ బండి నడిచే బండే. పాత ఫిల్టర్ తోటే కొత్త ఆయిల్ పోసి పొద్దున గుంటూరు పోయి రావొచ్చు. పొడిస్తే మాత్రం బండి ఆడ్నే ఆగిపోయినట్టు.

బెజవాడ_బుల్లెట్:
చిరుగుద్ది చిరుగుద్ది అని భయపెట్టడం కాదు. ఎక్కడ గుచ్చాలో తెలిస్తే చిరగదు. డబ్బా మూల వైపు కాకుండా పళ్ళేనికి దగ్గరగా గుచ్చాలి. అక్కడ రేకుకి దన్ను ఉంటుంది.

ఖమ్మం_షెడ్డు:
పళ్ళేనికి దగ్గర గుచ్చుమంటున్నవ్. లోపల నడిమిట్ల ఇంజన్ నుంచి వచ్చే మర పైపు ఉంటది, ఫిల్టర్ దానికే ఎక్కుతది. స్క్రూడ్రైవర్ మొన పోయి దానికి తగిలి మరలు నలిగినయనుకో, కొత్త ఫిల్టర్ ఎక్కదు. అప్పుడు ఆ పైపే మార్చాలె. ఎవరిస్తరు ఆ ఖర్చు? నువ్వా?

డాలస్_రావు:
ఇక్కడ మాకు వేరే తలనొప్పి. నాది కరోలా 1.8. దీంట్లో డబ్బా ఉండదు, ప్లాస్టిక్ మూత లోపల కాగితం ఫిల్టర్. మూతకి 14 పలకలు, 64 ఎం.ఎం. కప్పు కావాలి. 25 న్యూటన్ మీటర్లకి బిగిస్తే చాలు. ఒక క్విక్ సర్వీసు వాళ్ళు తుపాకీ పానాతో బిగించి పంపారు. తీసేటప్పటికి మూత పగిలింది. అప్పట్నుంచి బయట ఎవర్నీ ముట్టుకోనివ్వను. పాత ఆయిల్ మాత్రం ఇక్కడ స్పేర్ పార్టుల షాపుల్లో చాలావాటిలో ఉచితంగా తీసుకుంటారు, అదొక్కటి హాయి.

విశాఖ_నవీన్:
ఇంజన్ ఐదు నిమిషాలు తిప్పితే వేడికి ఫిల్టర్ వదులవుతుంది. చల్లటి ఇంజన్ మీద కుస్తీ ఎందుకు?

ఖమ్మం_షెడ్డు:
ఆయిల్ దించేసిన అని మొదటి పోస్టులనే రాసిండు! చాంబర్ల ఆయిల్ లేకుండ ఇంజన్ స్టార్ట్ జేయమంటవా? బేరింగులు అరిగి పోతయ్. చదివి రాయండయ్యా జెర. ఇంట్ల మనిషిని హాస్పిటల్‌కు తీస్కపోవాలె ఆ పిల్లగాడు.

విశాఖ_నవీన్:
వేడి మాట ఆయిల్ దించకముందు చేయాల్సిన పని. నేను చెప్పే పద్ధతే అది. ముందు ఇంజన్ గోరువెచ్చగా చేసుకోవాలి, తర్వాత ఫిల్టర్ కదులుతుందో లేదో చూసుకోవాలి, అది కదిలాకే డ్రెయిన్ బోల్టు ముట్టుకోవాలి. ఫిల్టర్ రాకపోతే ఆయిల్ అలాగే ఉంటుంది, మెకానిక్ దగ్గరికి నడుపుకుంటూ పోవచ్చు. ఈ ఒక్క క్రమం పాటిస్తే ఇలాంటి పోస్టులే పడవు.

తెనాలి_కిరణ్:
నవీన్ గారూ, వచ్చేసారికి పనికొస్తుంది, ఇప్పుడు రాత్రి తొమ్మిదైంది. జాకీతో ఎత్తి, స్టాండ్లు పెట్టి, బండి కింద పడుకుని టైప్ చేస్తున్నా. ఇప్పుడేం చేయాలో చెప్పండి.

లక్ష్మి_మదనపల్లె:
కిరణ్, ఒకసారి ఇది చేసి చూడు. నా బండి ఆయిల్ నేనే మార్చుకుంటా, ఎవరి దగ్గరికీ పోను. ముందు ఫిల్టర్ డబ్బాని బట్టతో బాగా తుడువు. కొద్దిగా పెట్రోలు తడిపిన గుడ్డతో జిడ్డు మొత్తం పోవాలి, ఎందుకంటే జిడ్డు ఉన్నంతసేపూ ఏ పానా పట్టదు. డబ్బా ఆరాక ఎమ్రీ పేపరు, అదే గరుకు కాగితం, ఒక పట్టీ కత్తిరించి గరుకు వైపు ఫిల్టర్‌కి ఆనేట్టు చుట్టు. దాని మీద కప్పు పానా పెట్టి చెక్క సుత్తితో మెల్లగా తట్టి బిగుతుగా ఎక్కించు. కాగితం మందం వల్ల పానా ఫిల్టర్‌ని కరుచుకుంటుంది. అప్పుడు పొడుగు పిడి వేసి ఒక్కసారిగా కాదు, మెల్లగా బలం పెంచుకుంటూ తిప్పు. కప్పు లేకపోతే పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి చేత్తోనే తిప్పొచ్చు. మామూలు బిగుతుకి అది చాలు.

బెజవాడ_బుల్లెట్:
కాగితం ముక్కలతో అయ్యే పని అయితే అందరూ అదే చేసేవాళ్ళు. పట్టేసిన ఫిల్టర్‌కి ఇనుమే మందు.

లక్ష్మి_మదనపల్లె:
మీరు ఇనుము దిగ్గొట్టాక రేకు చిరిగితే తర్వాత ఏం చేస్తారో ఒక్క పోస్టులోనూ రాయలేదు. రాయండి, అందరం చదువుతాం.

బెజవాడ_బుల్లెట్:
చిరిగితే పళ్ళెం మిగులుద్ది. దాని మీద మరల చుట్టూ ఆయిల్ లోపలికి పోయే చిన్న కన్నాలు ఉంటాయి. ఆ కన్నం అంచుకి ఉలి పెట్టి ఎడమ వైపుకి సుత్తితో కొడతా. రెండు మూడు దెబ్బలకి కదులుద్ది. నాకు ఇప్పటిదాకా రానిది లేదు.

ఖమ్మం_షెడ్డు:
గది నిజమే, కన్నానికి ఉలి పెడితే వస్తది, నేను గూడ అట్లనే తీస్త. కానీ ఉలి జారి ఇంజన్ ముఖం మీద గీత పడితే? కొత్త ఫిల్టర్ రబ్బరు రింగు ఆనేది ఆ ముఖం మీదనే. గీతలకెల్లి ఆయిల్ కారుతది. గందుకే అది ఆఖరు మార్గం, మొదటి మార్గం కాదు. నువ్వు మొదటి మాటే అది జెప్పినవ్, నా కోపం దానికే.

గోదావరి_సుబ్బారావు:
బాబూ, మా ట్రాక్టర్ ఫిల్టర్లు మీ కారు డబ్బాకి రెండింతలుంటాయండి. మేం చైన్ పానా వాడతాం. బోరు పైపులు దించే మెకానిక్ ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు, ఆయన దగ్గర ఉంటుంది. గొలుసు డబ్బా చుట్టూ వేసి పిడి లాగితే ఎంత లాగితే అంత బిగుసుకుంటుంది. అయితే డబ్బా మధ్యలో వేయకండి, నొక్కుకుపోతుంది. పళ్ళెం దగ్గరగా వేయాలి. ఇక పాత ఆయిల్ ఎవరికివ్వాలని అడిగారు. ఇవ్వడమెందుకండీ? పశువుల పాక దూలాలకి పూస్తే చెదలు దరి చేరవు. మా తాతగారి కాలం నుంచి అదే పని.

నీలగిరి_నల్గొండ:
సుబ్బారావు గారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, ఆ పూత మానేయండి. వాడిన ఇంజన్ ఆయిల్లో అరిగిన లోహాలుంటాయి, మాడిన నూనెలో చర్మానికి, ఒంటికి చెరుపు చేసే రసాయనాలుంటాయి. పాకలో దూలాల మీది నుంచి పశువు నోట్లోకి, వానకి నేలలోకి పోతుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ రిజిస్టరైన రీసైక్లర్లకే చేరాలి. కిరణ్, మూత గట్టిగా ఉన్న పాత క్యాన్‌లో పోసి పెట్టు, పెద్ద వర్క్‌షాపుల వాళ్ళు డ్రమ్ముల్లో పోగేసి పంపుతారు, వాళ్ళకివ్వు. మురుక్కాలవలో మాత్రం పోయొద్దు.

గోదావరి_సుబ్బారావు:
మా పాకలు నిలబడి ఉన్నాయండి, మా గేదెలూ బావున్నాయి. మీ సిటీ ఫ్యాక్టరీల నీళ్ళ గురించి ముందు రాయండి.

నీలగిరి_నల్గొండ:
నాది సిటీ కాదండీ, మాదీ పల్లెటూరే. నీళ్ళు పాడైతే ఎలా ఉంటుందో నల్గొండ వాళ్ళకి ఒకరు చెప్పాల్సిన పని లేదు. అందుకే అంత గట్టిగా రాశాను.

హైదరాబాద్_రైడర్:
అసలు ఆయిల్ 10,000 కిలోమీటర్లకి మార్చమంటే జనం 5,000కే ఎందుకు మారుస్తున్నరు? అంతా డబ్బు దండగ.

విశాఖ_నవీన్:
ఇది ఫిల్టర్ థ్రెడ్డు. ఆ చర్చ వేరే పెట్టుకోండి, అక్కడ నేనూ వస్తా.

తెనాలి_కిరణ్:
వచ్చేసింది!!! లక్ష్మి అక్కా, ఎమ్రీ పేపరు పని చేసింది. జిడ్డు తుడిచాక కప్పు ఎక్కడం తేడా తెలిసిపోయింది. పిడికి జాకీ రాడ్డు తగిలించి మెల్లగా లాగా. టక్‌మని శబ్దం వచ్చింది, విరిగిందేమో అనుకున్నా, చూస్తే ఫిల్టర్ కదిలింది. కొత్తది ఎక్కించబోతున్నా. ఎంత బిగించాలి?

ఖమ్మం_షెడ్డు:
శభాష్. ఆగు, కొత్తది ఎక్కియ్యకు. ముందు పాత ఫిల్టర్ తిప్పి చూడు. దాని నోటి కాడ రబ్బరు రింగు ఉన్నదా?

తెనాలి_కిరణ్:
లేదన్నా. గాడి ఖాళీగా ఉంది.

ఖమ్మం_షెడ్డు:
అట్లైతే అది ఇంజన్‌కు అతుక్కొని ఉన్నది. టార్చి పెట్టి చూడు, వేలితోటి తడుము. దాని మీద కొత్తది ఎక్కిస్తే రెండు రింగులైతయ్. స్టార్ట్ జేసినంక ప్రెజర్‌కు పక్క నుంచి ఆయిల్ మొత్తం చిమ్ముతది, దారిల ఇంజన్ పోతది.

తెనాలి_కిరణ్:
ఉంది అన్నా! నల్ల గాజులా గట్టిపడి ఇంజన్ ముఖానికి అతుక్కుపోయింది, అదే రంగులో కలిసిపోయింది, పైపైన చూస్తే కనపడట్లేదు. గోరుతో లేపితే ఒక పక్క విరిగింది. చెక్క పుల్లతో మొత్తం తీసేశా, గుడ్డతో ముఖం తుడిచా. కంగారులో అలాగే ఎక్కించేసేవాణ్ణి.

లక్ష్మి_మదనపల్లె:
ఇప్పుడు కొత్త ఫిల్టర్ రింగుకి వేలితో తాజా ఆయిల్ పూయి. ఎండు రింగు వేడికి అంటుకుపోతుంది, పట్టేయడానికి సగం కారణం అదే. చేత్తోనే తిప్పు. రింగు ముఖానికి ఆనిన దగ్గర్నుంచి ఇంకో ముప్పావు చుట్టు తిప్పితే చాలు, పానా ఎక్కడా వాడకు. కొన్ని ఫిల్టర్ల డబ్బా మీదే ఎంత తిప్పాలో బొమ్మ వేసి ఉంటుంది, అలా ఉంటే దాన్నే పాటించు.

బెజవాడ_బుల్లెట్:
ముప్పావు చుట్టు మాట నేనూ ఒప్పుకుంటా. పానాతో బిగించేవాళ్ళ వల్లే నాకు స్క్రూడ్రైవర్ పట్టాల్సి వస్తోంది.

విశాఖ_నవీన్:
ఆయిల్ పోశాక స్టార్ట్ చేసి అర నిమిషం చూడు, ఆయిల్ లైటు ఆరాలి. కింద పడుకోకుండా పక్క నుంచే టార్చి వేసి చూడు. ఆపి కాసేపాగి ఆయిల్ కొలిచే డిప్ స్టిక్ చూడు, ఫిల్టర్ నిండటానికి కొంత తీసుకుంటుంది, లెవెల్ తగ్గితే ఇంకొంచెం పోసుకో.

తెనాలి_కిరణ్:
లైటు ఆరింది. కారట్లేదు, ఒక్క చుక్క కూడా లేదు. నాన్నకి చెప్పేశా, పొద్దున ఆరింటికి బయల్దేరతాం. లక్ష్మి అక్కకీ షెడ్డు అన్నకీ చాలా రుణపడ్డా. డ్రెయిన్ బోల్టు వాషర్ మాట ఇంకా ఎవరూ చెప్పలేదు, పాతదే వేశా.

నీలగిరి_నల్గొండ:
ఆ వాషర్ మెత్తటి లోహంది, ఒకసారి నలిగాక మళ్ళీ అంత బాగా పట్టదు. వచ్చేసారి కొత్తది వెయ్యి, పెద్ద ఖరీదేం కాదు. రేపు గుంటూరు చేరాక బండి కింద ఓసారి చూసుకో.

అనంతపురం_ఫణి:
స్విఫ్ట్ డీజిల్‌కి కూడా ఇదే పద్ధతా అన్నా? నాది కూడా పట్టేసినట్టుంది.

ఖమ్మం_షెడ్డు:
1.3 డీజిల్‌కు డబ్బా ఉండదు తమ్మీ, మూత కింద కాగితం ఫిల్టర్. డాలస్ రావు గారు రాసింది చూడు, నీది ఆ బాపతు. ఆయిల్ దించకముందే మూత కదులుతదో లేదో చూస్కో.