మారిషస్ కూరగాయల గ్రాఫ్‌లో ఈ అతుకు ఏంటి? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

బాపట్ల_బుల్లోడు:
అందరికీ నమస్తే. అగ్రి ఎకనామిక్స్ ప్రాజెక్టుకి చిన్న ద్వీప దేశంలో కూరగాయల సప్లై ఎలా మారుతూ వచ్చింది అనే టాపిక్ ఇచ్చారు, నేను మారిషస్ తీసుకున్నా, అక్కడ మనోళ్ళు ఉన్నారు కదా ఎవరో ఒకరు ఆదుకుంటారులే అని (నిజం ఒప్పేసుకుంటున్నా). ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) సైట్లోంచి 1961 నుంచి మనిషికి ఏడాదికి ఎన్ని కిలోలు అనే డేటా దించుకుని గీత గీశా. అంతా బానే ఉంది గానీ 2010 తర్వాత ఒక చోట వేరే గుడ్డ ముక్క తెచ్చి అతికించినట్టు ఉంది. మా గైడ్ గారేమో ఆ ఏడాది అక్కడ ఏం జరిగిందో రాసుకురా అన్నారు. రెండు రోజుల నుంచి వెతుకుతున్నా, ఏమీ జరగలేదు! ఇంకో డౌటు, ఆ దేశం తిండిలో ముప్పాతిక వంతు దిగుమతే అంటున్నారు, అంటే వంకాయ బెండకాయ కూడా ఓడలోనే వస్తాయా?

లెక్కల_సుబ్బారావు:
ఏమీ జరగలేదు బాబూ, నువ్వు కరెక్టే. లెక్క కట్టే పద్ధతి మారింది. 2013 వరకు పాత పద్ధతి సిరీస్ ఒకటి, 2010 నుంచి కొత్త పద్ధతిలో ఇంకోటి, సైట్లో రెండూ విడివిడిగానే ఉంటాయి. నువ్వు రెండిట్నీ కలిపి కుట్టేశావు, అతుకు కనపడక ఏం చేస్తుంది.
ఇంకో రెండు చూసుకో. ఆ కూరగాయల వరసలో ఆలుగడ్డ ఉండదు, దాన్ని దుంపల ఖాతాలో వేస్తారు, ఉల్లి టమాటా మాత్రం ఇందులోనే. తర్వాత, ఆ కిలోలు జనం తిన్నవి కాదు. పండింది ప్లస్ తెప్పించుకుంది, అందులోంచి బయటికి పంపింది, విత్తనానికి పోయింది, దారిలో పాడైంది తీసేసి మిగిలినదాన్ని జనాభాతో భాగిస్తారు, అంతే. మారిషస్ జనాభా 12 లక్షల 60 వేల చిల్లర, టూరిస్టులు చూస్తే 2019లో 13 లక్షల పైమాటే. ఒక్కొక్కరు పది పన్నెండు రోజులుంటారు అనుకో, ఏ రోజు చూసినా ఓ నలభై వేల మంది ఎక్స్‌ట్రా భోజనానికి కూర్చున్నట్టు. పాత పద్ధతిలో వాళ్ళు హోటల్లో తిన్న సలాడ్ కూడా ఊళ్ళోవాళ్ళ ఖాతాలోనే పడేది, కొత్త పద్ధతిలో టూరిస్టుల తిండికి వేరే గడి పెట్టారు. మూడు శాతం దాకా తేడా, పెద్దది కాదు గానీ వైవాలో అడిగితే చెప్పడానికి బాగుంటుంది.

పద్మ_క్వాత్ర్‌బోర్న్:
తమ్ముడూ, నేను తెనాలి నుంచి వచ్చి ఇక్కడ మారిషస్‌లో, క్వాత్ర్‌బోర్న్ ఊళ్ళో తొమ్మిదేళ్ళు. వంకాయ బెండకాయ ఓడలో రావు, ఇక్కడే పండుతాయి. ముప్పాతిక దిగుమతి అంటే బియ్యం, గోధుమ పిండి, నూనె, పాలపొడి ఇలాంటివన్నీ కలిపి చెప్పే మాట. తాజా కూరలు మామూలు రోజుల్లో వీళ్ళకి వీళ్ళే సరిపోతారు. ఆలు, ఉల్లి, వెల్లుల్లి మాత్రం బయటివి బాగా వస్తాయి, ఆలు ఉల్లి అగ్రికల్చరల్ మార్కెటింగ్ బోర్డు చూసుకుంటుంది.
మా ఊళ్ళో బుధవారం, శనివారం కూరగాయల బజారు. ఇప్పటికీ 'లివ్' లెక్కన అడుగుతారు, అర కిలో అన్నమాట. బెండకాయని లాలో అంటారు, పొట్లకాయ పాతోల్, కాకరకాయ మార్గోజ్, టమాటా పొమ్ దామూర్, కొత్తిమీర మాత్రం కోతోమిలి, మొదటిసారి విన్నప్పుడు నవ్వాగలేదు నాకు. ఆకుకూర ఏదైనా బ్రెద్.
కానీ నీ గ్రాఫ్‌లో కనపడనిది ఒకటుంది, అదే అసలు సంగతి. ఏడాది మొత్తం సగటు తీస్తే అంతా సాఫీగా ఉంటుంది, మాకు మాత్రం జనవరి నుంచి మార్చి దాకా గుండె దడ. 2024 జనవరి 15న బెలాల్ తుఫాను వచ్చింది, రాజధాని పోర్ట్ లూయిస్‌లో కార్లు నీళ్ళలో తేలాయి, ఆ తర్వాత బజారుకెళ్తే సగం బల్లలు ఖాళీ, కొత్తిమీర కట్ట నా బొటనవేలంత ఉంది, అమ్మే ఆవిడ దాన్ని రెండుగా చీల్చి ఇవ్వమంటావా అని అడిగింది. అలాంటప్పుడు ఫ్రోజెన్ బఠాణీ, డబ్బా టమాటాతో నెట్టుకొస్తాం. పైగా తమిళుల కావడి పండగ, శివరాత్రి ఉపవాసాలు సరిగ్గా ఆ రోజుల్లోనే, ఊరంతా మాంసం మానేసి కూరలకి ఎగబడతారు. ఆకుకూర నెలలో మళ్ళీ వస్తుంది, క్యారెట్ క్యాబేజీకి నెలలు పడుతుంది, అందుకని ధరలు ఒకేసారి దిగవు.

ఉల్లి_గోదాం:
పద్మ గారు చెప్పిన ఆ జనవరికి ఇంకో ముక్క కలపండి. నేను నాసిక్ వైపు ఒక ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తా. 2023 డిసెంబర్ 8న మన గవర్నమెంటు ఉల్లి ఎగుమతి ఆపేసింది, 2024 మే 4 దాకా ఎత్తలేదు. అంటే వాళ్ళకి తుఫాను, మన బ్యాన్ రెండూ ఒకే సీజన్లో. మధ్యలో స్నేహదేశాలని కొన్నిటికి స్పెషల్‌గా వదిలారు, అందులో మారిషస్‌కి 1,200 టన్నులు. వినడానికి బానే ఉంటుంది, తలకి కిలో కూడా రాదు, మా ఇంట్లో అది నాలుగు రోజుల ఉల్లి.

బాపట్ల_బుల్లోడు:
అందరికీ దండాలు. సుబ్బారావు గారూ ఆ కుట్టు ఇప్పుడే విప్పేశా. ఒక్క డౌటు, అక్కడ చెరకు బాగా తగ్గిపోయిందని చదివా, మరి ఆ పొలాలన్నీ కూరగాయలకి మారాయి కాబట్టి సప్లై పెరిగింది అని రాయొచ్చా?

లెక్కల_సుబ్బారావు:
రాయకు, తంతారు. యూరప్ వాళ్ళు పంచదారకి ఇచ్చే ధర 2006 నుంచి నాలుగేళ్ళలో 36 శాతం కోశారు, చిన్న రైతులు చాలామంది చెరకు వదిలేశారు, అంతవరకు నిజం. వదిలేసిన నేల చాలావరకు బీడు పడింది, కొంత ఇళ్ళకీ విల్లాలకీ పోయింది. రాళ్ళ నేల, కూలీలు దొరకరు, పిల్లలు పొలం వైపు చూడరు. పైగా చెరకుకి గాలి వస్తే వంగి మళ్ళీ లేస్తుంది, టమాటా లేవదు కదా. అదీగాక చెరకు సాళ్ళ మధ్య ఆలు వేసే అలవాటు అక్కడ ఉంది, చెరకు పోతే ఆ జాగా కూడా పోయినట్టే.

పద్మ_క్వాత్ర్‌బోర్న్:
అవును, మా వెనక దారిలో చెరకు తోట ఉండేది, ఇప్పుడు తుప్పలు. తమ్ముడూ, నెలవారీ ధరలు పెట్టి రాయి, ఏడాది కిలోలు వద్దు. శనివారం బజారుకి వెళ్తున్నా, ఏమేం ధరలు కావాలో లిస్టు పెట్టు, నోట్ చేసుకొస్తా. బ్రెద్ మురుం మాత్రం అడక్కు, అంటే మన మునగాకే, అది పక్కింటి మామ్మగారు గోడ మీంచి ఊరికే ఇస్తారు. వాళ్ళది కూడా తెలుగు కుటుంబమే, ఉగాదికి మా ఇంట్లోనే పచ్చడి తిన్నారు.

లెక్కల_సుబ్బారావు:
ఆ గోడ మీంచి వచ్చేది ఎఫ్ఏఓ వాళ్ళకి చెప్పకమ్మా, మళ్ళీ పద్ధతి మారుస్తారు.