మీటింగ్‌లో అందరూ ‘ఎస్’ అంటున్నారు, తర్వాత పని ఆగిపోతోంది. ఏం చేయాలి?

నమస్కారం. నాలుగు దేశాల వాళ్లున్న తొమ్మిది మంది టీమ్‌కి ఏడాదిగా లీడ్‌గా ఉన్నాను. అందరికీ ఉమ్మడి భాష ఇంగ్లీషే. గ్రామర్‌తో సమస్య లేదు. ఒకే మాట ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమవుతోంది.

పోయిన నెల బ్రిటిష్ సహోద్యోగి ఒక విషయాన్ని ‘టేబుల్ చేద్దాం’ అన్నారు. ఆయన ఉద్దేశం చర్చకు తీసుకుందామని. అమెరికా వాడుకలో దానికి పక్కన పెడదామని అర్థం కాబట్టి అక్కడి సహోద్యోగి ఆ చర్చకు సిద్ధపడనేలేదు. ఇలాంటివి అడిగితే తేలిపోతాయి.

నన్ను బాధపెడుతున్నది ‘ఎస్’. గడువు చెప్పినప్పుడు జపాన్ సహోద్యోగి ఎస్ అన్నారు. జపనీస్‌లో ఎస్‌కి బదులు వాడే ‘హై’ అంటే చాలాసార్లు ‘వింటున్నాను’ అని మాత్రమేనని తర్వాత తెలిసింది. ఆ గడువు కుదరదని ఆయనకి మొదటి రోజే తెలుసు, అందరి ముందు చెప్పలేకపోయారు. తప్పు నేను అడిగిన తీరులోనే ఉంది.

అమెరికా మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1976లో వివరించిన హై కాంటెక్స్ట్ (చాలా విషయాలు నేరుగా చెప్పకుండా సందర్భాన్ని బట్టి అర్థం చేసుకునే), లో కాంటెక్స్ట్ (విషయాన్ని మాటల్లోనే నేరుగా చెప్పే) సంస్కృతుల తేడా గురించి చదివాను. ఉపయోగపడింది, కానీ దేశాన్ని బట్టి మనిషిని అంచనా వేయడం నాకు నచ్చదు.

ఇప్పుడు ఎజెండా ఒక రోజు ముందే పంపుతున్నాను. ‘అర్థమైందా?’ అనకుండా ‘ముందు ఏ పని మొదలుపెడతారు?’ అని అడుగుతున్నాను. కొంత మేలే.

మీ టీమ్‌లో అభ్యంతరాలు ఎలా బయటికి వస్తాయి? విడిగా మాట్లాడతారా, రాసి పంపమంటారా? ఇంగ్లీష్ మాతృభాషైన వాళ్లని నెమ్మదిగా మాట్లాడమని నొప్పించకుండా ఎలా చెప్పారు? మీ అనుభవం దయచేసి వివరంగా రాయండి.